దొరగారి ఫ్యాన్

సంచికకి ఏదైనా రాయమన్నారు. వార్షికోత్సవాలు, క్రికెట్ మ్యాచ్‌లు, బెంచీల మీద చెక్కిన పేర్లు ఎలాగూ మిగతావాళ్లు రాస్తారు. నేను బయాలజీ ల్యాబ్‌లోని బల్లి తొట్టె గురించి, దాని మూతకి మేం బిగించిన ఫ్యాన్ గురించి రాస్తాను.

తొట్టెలో ఉండేది బియర్డెడ్ డ్రాగన్. ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతాల బల్లి. మేడంకి తెలిసినవాళ్లు పెంచలేక ల్యాబ్‌కి అప్పగించారు. ఎవరు దగ్గరికెళ్లినా తల ఎత్తి, అర్జీలు వినే జమీందారులా చూసేది. అందుకే దొరగారు అని పేరు పెట్టాం.

ఎండలు ముదిరేసరికి దొరగారు రోజంతా నోరు తెరుచుకునే కూర్చోవడం మొదలుపెట్టారు. ఆకలేమోనని క్లాసులో సగం మంది తేల్చేశారు. మేడం ఒప్పుకోలేదు. వెచ్చదనానికి తొట్టెలో పెట్టిన దీపం (బల్బు) కింద కూర్చున్నప్పుడు నోరు తెరిస్తే కంగారు లేదు, ఒంట్లో ఎక్కువైన వేడిని అలా వదిలించుకుంటుంది. చల్లటి మూలకి వెళ్లాక కూడా మూయలేదంటే ఆ మూల చల్లగా లేదన్నమాట. థర్మామీటర్ పెట్టి చూస్తే నిజమే. దీపం కింద 40 డిగ్రీల దాకా ఉండొచ్చు, అది దానికి కావలసిందే. రెండో చివర 25 దగ్గర ఉండాల్సింది మధ్యాహ్నానికి 30 దాటేస్తోంది. సరీసృపాలు ఒంటి వేడిని మనలా లోపల్నుంచి సర్దుకోలేవు. ఎండలోకీ నీడలోకీ మారుతూ సర్దుకుంటాయి. నీడే వేడెక్కితే ఇక వెళ్లడానికి చోటు లేదు.

ఫ్యాన్ పెడదామని మేం ఫిజిక్స్ మాస్టారి దగ్గరికి పరిగెత్తాం. ఆయన ముందు ఉత్సాహం మీద నీళ్లు చల్లారు. "ఫ్యాన్ చల్లబరుస్తుందని ఎవర్రా చెప్పింది? గాలి తగిలితే మీ చెమట ఆరుతుంది, అందుకే మీకు చల్లగా ఉంటుంది. దానికి చెమటే పట్టదు కదా!" ఆ మాటతో మా ప్లాన్ మొత్తం మారిపోయింది. ఫ్యాన్ చేయగలిగిందల్లా లోపల పేరుకున్న వేడి గాలిని బయటికి తోసి, గది గాలిని లోపలికి రప్పించడమే. గది ఎంత వేడిగా ఉందో అంతకన్నా కిందికి దించలేదు. కాబట్టి ఫ్యాన్ కన్నా ముందు చేయాల్సిన పనులు రెండు తేలాయి. తొట్టెని కిటికీ ఎండ నుంచి జరపడం, దీపాన్ని తక్కువ వాట్లదానికి మార్చడం. నా లెక్కలో సగం ఉపకారం ఈ రెండింటిదే, పేరు మాత్రం ఫ్యాన్‌కి వచ్చింది.

ఫ్యాన్ పాత కంప్యూటర్ డబ్బాలోంచి పీకినది. 80 మిల్లీమీటర్లది, 12 వోల్టులది. పూర్తి వోల్టేజీ ఇస్తే గోల చేసింది. మూలన పడున్న 9 వోల్టుల అడాప్టర్‌కి కలిపితే నెమ్మదించింది. ఎర్ర తీగ ప్లస్, నల్ల తీగ మైనస్. తిరగేస్తే ఆ రకం ఫ్యాన్ వెనక్కి తిరగదు, అసలు కదలదు. గాలి ఎటు పోతుందో చాలా ఫ్యాన్ల చట్రం మీదే బాణం గుర్తు ఉంటుంది.

అసలు వాదన ఎక్కడ పెట్టాలన్నదాని మీద. బల్లికి ఎదురుగా పెట్టి గాలి కొడితే బాగుంటుందని ఒక వర్గం. అలా ఆగకుండా కొట్టే గాలి నుంచి తప్పించుకోవడానికి దానికి దారి ఉండదని మేడం కొట్టేశారు. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి మూతకి, వేడి వైపున, బయటికి లాగేలా పెట్టాం. దీపానికి జానెడు ఎడంగా, లేకపోతే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. గాలి లోపలికి రావడానికి చల్లటి చివర ప్లైవుడ్ గోడకి అడుగున రంధ్రాలు చేసి, ఇనుప జాలీ కొట్టాం. ఫ్యాన్‌కి లోపలివైపు కూడా జాలీయే. దొరగారి తోక సంగతి అలా ఉంచితే, జాలీ లేకపోతే ఆయన భోజనానికి వేసిన చిమ్మెటలు ఫ్యాన్‌లోంచి పారిపోయేవి. స్క్రూల కింద సైకిల్ ట్యూబ్ ముక్కలు పెట్టాక అదురు తగ్గింది.

రోజంతా తిరగకుండా వేడిని బట్టి దానంతటదే ఆన్, ఆఫ్ చేసే చిన్న థర్మోస్టాట్ తగిలించాం. దాని సెన్సర్ చల్లటి చివర నీడలో ఉండాలి. దీపం కింద పెడితే ఫ్యాన్ ఆగనే ఆగదు. 29 దగ్గర మొదలై 27 దగ్గర ఆగేలా పెట్టాం. ఆ తేడా లేకపోతే దాని లోపలి స్విచ్ (రిలే) టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది.

మధ్యాహ్నం కాసేపటికి ఆ మూల దాదాపు గది వేడికి దిగింది. దొరగారు నోరు మూశారు. గదే ఉడికిపోయే రోజుల్లో మాత్రం ఫ్యాన్ వల్ల కాలేదు. దీపం ఆపేసి, గడ్డకట్టిన నీళ్ల సీసాని గుడ్డలో చుట్టి రంధ్రాల బయట పెట్టేవాళ్లం. తడి గుడ్డ వేలాడదీస్తే కూలర్ అవుతుంది కదా అన్నాడొకడు. ఎడారి జీవికి చెమ్మ నిలిచిపోతే ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని మేడం ఆ పని చేయనివ్వలేదు.

ల్యాబ్‌లో ఇప్పుడెవరైనా ఇలాంటిది చేస్తుంటే బాల్ బేరింగ్ ఫ్యాన్ వెతకండి. మూత మీద పడుకోబెట్టి తిప్పితే గోళీలు లేని స్లీవ్ బేరింగ్ తొందరగా అరిగిపోతుంది, మాది గుర్రుగుర్రుమంది కూడా. ఇసుక దుమ్ము రెక్కలకి పడుతుంది, ప్లగ్ పీకి పాత టూత్‌బ్రష్‌తో దులపండి.