బాల్కనీ మెష్ తలుపు వంకర తీసిన నా అనుభవం

పైన అంటుకుంటుంది, కింద అంటుకోదు. మా బాల్కనీ దోమల మెష్‌తో వచ్చిన తంటా మొత్తం ఇదే. మొదట గమనించింది అమ్మ. నేను రాత్రి చూసేసరికి మెష్ మూసే ఉండేది, పైన మ్యాగ్నెట్ టక్కున పట్టుకుని ఉండేది, ఇంకేం అనుకుంటాను? "కింద చూడరా" అని అమ్మ లైటు వేసి చూపిస్తే అప్పుడు కనపడింది, హ్యాండిల్ ఉన్న నిలువు పట్టీకీ ఎదుటి చట్రానికీ మధ్య నేల దగ్గర వేలు దూరేంత సందు ఉంది. మెష్‌లో ఒక్క చిల్లు లేదు. దోమలు మాత్రం రోజూ లోపలే.

మాది పక్కకి ముడుచుకునే మడతల మెష్. అంతకుముందు రోలర్ రకం ఉండేది, పైపులో స్ప్రింగు ఉంటుంది, లాగితే వస్తుంది, వదిలితే చుట్టుకుపోతుంది. దాంట్లో మెష్ అంచుల్ని పట్టుకునేది ట్రాక్‌లో ఉండే సన్నటి బ్రష్ మాత్రమే, అందుకని గట్టిగా గాలి వీస్తే అంచు ట్రాక్‌లోంచి బయటికి వచ్చేసేది. పైగా చేయి జారితే పట్టీ విసురుగా వెనక్కి కొట్టేది. అంచుకి జిప్పు ఉన్నవీ, వేగం తగ్గించే బ్రేకు ఉన్నవీ ఉంటాయి కానీ మా దానికి ఆ రెండూ లేవు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఒక చేత్తో గోడ పట్టుకుని బాల్కనీలోకి వెళ్తుంది, ఆమె వెనక అలా దబ్బున కొట్టుకునేది నాకు వద్దనిపించింది. మడతల రకం అయితే ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది, కింది ట్రాక్ కూడా పల్చగా నేలకి అతుక్కుని ఉంటుంది, కాలికి తగలదు. అది పెట్టించాక ఎనిమిది నెలలు ఏ ఇబ్బందీ లేదు.

సందు కనపడగానే నేను చేసిన మొదటి పని తప్పు పని. కింద జారట్లేదు కదా అని ట్రాక్‌లో కుట్టుమిషన్ నూనె పోశాను. రెండు రోజులు హాయిగా జారింది. తర్వాత బాల్కనీ దుమ్మంతా ఆ నూనెకి పట్టుకుని ట్రాక్‌లో నల్లటి ముద్దలా తయారైంది, పట్టీ మునుపటి కంటే బరువెక్కింది. దాన్ని పాత టూత్‌బ్రష్, సబ్బునీళ్లతో తోమి, పొడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టడానికి ఒక ఆదివారం పోయింది. ట్రాక్‌లో నూనె, గ్రీజు లాంటి జిడ్డువి ఏవీ వెయ్యకండి. వెయ్యాలనుకుంటే సిలికాన్ స్ప్రే, అది కూడా గుడ్డ మీద కొట్టి ఆ గుడ్డతో ట్రాక్ లోపల ఒక్కసారి రుద్దితే చాలు.

శుభ్రం చేశాక జారుడు బాగైంది, వంకర మాత్రం పోలేదు. ఒక టెక్నీషియన్‌ని పిలిస్తే నిలబడే చూసి "సార్, ఇది రిపేరు అవ్వదు, మొత్తం సెట్ మార్చాలి" అన్నారు. ఎందుకు అవ్వదు అని అడిగితే జవాబు లేదు. కనీసం ఒక స్క్రూ కూడా విప్పకుండా మార్చేయాలంటే నాకు మనసొప్పలేదు. ఇక నేనే విప్పుదామని కూర్చున్నాను.

ముందు ఒక మాట. ఈ మడతల మెష్ వంకర పోకుండా, పైనా కిందా సమానంగా కదిలేలా చూసేది ట్రాక్ అని నేను అనుకునేవాణ్ణి. కాదు. ట్రాక్ దారి చూపిస్తుంది, అంతే. నిలువు పట్టీని నిటారుగా ఉంచేవి దారాలు. మెష్‌ని దగ్గరగా చూస్తే అడ్డంగా సన్నటి దారాలు మడతల్లోని రంధ్రాల్లోంచి దూరి వస్తుంటాయి. మెష్ గాలికి ఉబ్బకుండా ఉండటానికే అనుకుంటాం, నేనూ అంతే అనుకున్నాను. అవి పట్టీ దగ్గర ఆగిపోవు. పట్టీ లోపలికి దూరి, అక్కడ మలుపు తిరిగి, పట్టీ పొడవునా పైకో కిందికో వెళ్లి, చివరి నుంచి బయటికొచ్చి ట్రాక్‌లో పడుకుని, మ్యాగ్నెట్ ఉన్న చట్రం దాకా పోయి అక్కడ కట్టేసి ఉంటాయి. అంటే పట్టీని ఒక జానెడు ముందుకి లాగితే మెష్ వైపు దారం జానెడు పెరుగుతుంది, ట్రాక్‌లో సరిగ్గా జానెడు తగ్గుతుంది. దారం మొత్తం పొడవు మారదు. అందుకే స్ప్రింగు లేకుండానే బిర్రుగా ఉంటుంది, వదిలిన చోట ఆగుతుంది.

మా దాంట్లో ఆరు దారాలు. పై మూడు పట్టీలో కిందికి దిగి కింది ట్రాక్‌లోకి వెళ్తాయి. కింది మూడు పైకెక్కి పై ట్రాక్‌లోకి వెళ్తాయి. ఇలా అడ్డదిడ్డంగా ఎందుకు వేశారు, పైవి పైకీ కిందివి కిందికీ వెయ్యొచ్చు కదా అనిపించింది, ఆ సంగతి తర్వాత తెలిసింది.

ట్రాక్ చివర ప్లాస్టిక్ మూత తీస్తే లోపల చిన్న ముక్క ఒకటి కనిపిస్తుంది. మూడు దారాలూ దానికే ముడేసి ఉంటాయి, ఆ ముక్కని ఒకే ఒక్క బుల్లి స్క్రూ ట్రాక్‌కి బిగించి పెడుతుంది. పైన ఒకటి, కింద ఒకటి. పట్టీ పైభాగం ముందుకి పోతోంది కాబట్టి తేడా పైనే ఉంది అనుకుని పై ట్రాక్ ముక్క స్క్రూ వదులు చేశాను. దారాల్లో బోలెడంత వదులు ఉంది, లాగితే వచ్చేసింది. దొరికింది అనుకుని బిర్రుగా లాగి బిగించాను.

ఇంకా చెడింది. అంతవరకు కింద చేత్తో నెడితే ఆ సందు మూసుకునేది, ఇప్పుడు నెట్టినా రావట్లేదు, వంకర అలాగే బిగుసుకుపోయింది. నిజంగా టెన్షన్ వచ్చింది, బలవంతంగా నెడితే మడతల రంధ్రాలు చిరిగేలా ఉన్నాయి. వెంటనే వెనక్కి వదిలేశాను.

ఆ రాత్రి ఒక అట్టముక్క తీసుకున్నాను. ఎడమవైపు పైన ఒక గుండుసూది, కింద ఒకటి, కుడివైపు అలాగే రెండు, మధ్యలో నిలువుగా చిన్న స్కేలు, దాని రెండు చివర్లా గాట్లు పెట్టాను. ఎడమ పై సూదికి కట్టిన దారాన్ని స్కేలు పై గాటులోంచి స్కేలు వెంబడి కిందికి దించి, కింది గాటులోంచి కుడి కింది సూదికి కట్టాను. రెండో దారం దీనికి తిరగేసి, ఎడమ కింద మొదలై కుడి పైన ముగిసేలా. స్కేలు కదిపితే అచ్చం మా మెష్ పట్టీలాగే నిటారుగా అటూ ఇటూ నడిచింది. ఒక దారం కొంచెం వదిలాను. స్కేలు ఒరిగింది. అప్పుడు అర్థమైంది. స్కేలు పైభాగం కుడికి పోవాలంటే మొదటి దారం రెండు చోట్లా, ఎడమ పైనా కుడి కిందా, పొడవు పెరగాలి. అది బిర్రుగా ఉన్నంతవరకు పై చివర ముందుకి పోలేదు. అంటే పైభాగం ముందుకి పోతోందంటే వదిలేసింది కింది ట్రాక్‌లో కట్టిన దారం. పై ట్రాక్‌లో నాకు దొరికిన వదులు పట్టీ ఒరగడం వల్ల వచ్చిన వదులు, దాన్ని లాగేసి నేను ఆ వంకరనే బిగించేశాను. దారాల్ని అడ్డంగా దాటించడంలో ఉన్న కిటుకు ఇదే, ఒక జత పట్టీని ఇటు ఒరగనివ్వదు, రెండో జత అటు ఒరగనివ్వదు.

మర్నాడు కింది మూత తీశాను. అల్యూమినియం మీద ఆ ప్లాస్టిక్ ముక్క జరిగిన గీత స్పష్టంగా కనపడుతోంది, కొత్తగా గీరినట్టు మెరుస్తోంది. స్కేలు పెట్టి కొలిస్తే 16 మిల్లీమీటర్లు. తలుపు దగ్గర నేల మీద సందు కొలిచాను, అదీ 16. లెక్కా అంతే చెప్తుంది, పైన పూర్తిగా అంటుకున్నప్పుడు కింద ఎంత సందు మిగిలితే దారం అంతే వదిలిందన్నమాట. అట్టముక్క మీద అర్థమైంది చట్రంలో కళ్లకు కట్టినట్టు కనపడితే కలిగిన సంతోషం మాటల్లో చెప్పలేను. ముక్కని పాత చోటికి లాగి బిగించాను, పట్టీ నిలబడింది.

తొమ్మిది రోజులు. మళ్లీ కింద సందు, ఈసారి 4 మిల్లీమీటర్లు.

స్క్రూ ఇంకా గట్టిగా బిగించొచ్చు, కానీ అలా బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. అసలు ఎందుకు జరుగుతోంది అన్నదే ప్రశ్న. చట్రం మూలలు కలిపి ఐమూలగా టేపు పట్టాను, రెండు కొలతలకీ 2 మిల్లీమీటర్లే తేడా, చట్రం బాగానే ఉంది. రసమట్టం పెడితే నిలువులు సరిగ్గానే ఉన్నాయి. తర్వాత రెండు ట్రాక్‌ల మధ్య ఎత్తు మూడు చోట్ల కొలిచాను. ఎడమ 2092, కుడి 2092, మధ్యలో 2089. మూడంటే మూడే మిల్లీమీటర్లు, కంటికి కనపడవు. కానీ పట్టీ చివర్లు ట్రాక్‌లో జారడానికి ఉండే ఖాళీయే మహా అయితే రెండు మూడు మిల్లీమీటర్లు. కళ్లు మూసుకుని పట్టీని నెమ్మదిగా నెడితే చేతికి తెలిసింది, సరిగ్గా మధ్యకి వచ్చేసరికి కింద చిన్నగా పట్టేస్తోంది. కింద పట్టేసినప్పుడు మనం ఏం చేస్తాం, హ్యాండిల్ దగ్గర ఇంకాస్త బలంగా లాగుతాం. పైభాగం ముందుకి ఉరుకుతుంది, దాన్ని ఆపే భారమంతా కింది ట్రాక్ దారాల మీద పడుతుంది, వాటి చివరున్న ముక్క ప్రతిసారీ వెంట్రుకవాసి జరుగుతుంది. రోజుకి పది పదిహేనుసార్లు తీసి మూసే తలుపు అది.

కింది ట్రాక్ నేలకి డబుల్ టేప్‌తో అతికించి ఉంది. పెకిలిస్తే పల్చటి అల్యూమినియం వంగిపోతుంది, మళ్లీ తిన్నగా రాదు. చేపల గాలానికి వాడే దారం దాని కిందకి దూర్చి రెండు చేతులతో అటూ ఇటూ కోస్తూ పోయాను, రంపంతో కోసినట్టే. అరగంటకి ట్రాక్ పైకి లేచింది. మధ్యలో, రెండు టైల్స్ కలిసే చోట, పెసరగింజంత సిమెంటు పెళ్ల గట్టిపడి ఉంది. బిగించిన రోజు ఎవరూ నేల గీకలేదు, దాని మీదే టేపు వేసి ట్రాక్ అతికించేశారు. టేపు మెత్తగా ఉంటుంది కాబట్టి మొదట్లో తెలియలేదు, నెలలు గడిచేకొద్దీ టేపు నలిగి ట్రాక్ ఆ పెళ్ల మీదికి దిగి గూనిలా తేలింది.

ఉలితో గీకి, గుడ్డతో తుడిచి, నేల పూర్తిగా ఆరాక కొత్త టేపు వేసి ట్రాక్ అతికించాను, దాని మీద బరువులు పెట్టి ఒక రోజంతా ముట్టుకోలేదు. మళ్లీ కొలిస్తే మూడు చోట్లా 2092.

పనిలో పనిగా ఒక దారం కూడా మార్చాను, పట్టీలోకి దూరే చోట రాసుకుని పీచులు లేచింది. పాత దారం బయటికి లాగేసి తర్వాత కొత్తది ఎక్కించడం దాదాపు కాని పని, అన్ని మడతల్లోంచి దూర్చాలి. పాతదాని చివరా కొత్తదాని చివరా ఎదురెదురుగా పెట్టి, ముడి లేకుండా, కుట్టుదారంతో సన్నగా చుట్టి, పాతదాన్ని లాగుతూ పోతే కొత్తది దాని వెంటే వస్తుంది. నైలాన్ దారం వద్దు, తేమకి సాగుతుంది. అల్లిక పాలిస్టర్ దారం తీసుకోండి. మూడు దారాలూ సమానంగా బిర్రుగా ఉన్నాయో లేదో చూశాకే ముక్క బిగించాలి, ఒక్కటి ఎక్కువ బిగిసినా భారమంతా అదే మోస్తుంది. మరీ బిగిస్తే పట్టీ బరువెక్కుతుంది. పట్టీని పైన ఒక వేలితో, తర్వాత మధ్యలో, తర్వాత కింద నెట్టి చూడండి, మూడుసార్లూ నిటారుగానే కదిలితే సరిపోయినట్టే.

కొత్తగా పెట్టించుకునేవాళ్లు వెడల్పూ ఎత్తూ మూడేసి చోట్ల కొలిపించి తక్కువ వచ్చిన కొలతే ఇవ్వండి, ఐమూలలు చూడమనండి, ట్రాక్ అతికించే ముందు నేల మీద మీరే చేత్తో తడిమి చూడండి. అసలు కింద ట్రాకే వద్దనుకుంటే గొలుసు రకం ఉంది, పట్టీతో పాటే లింకులు ఒక్కొక్కటిగా నేల మీద పరుచుకుంటాయి, వెనక్కి నెడితే వాటంతటవే సర్దుకుంటాయి. గడప అడ్డు లేకుండా ఉండాలంటే అది బాగుంటుంది, కాకపోతే ఆ లింకుల్లో ఇసుక చేరకుండా చూసుకోవాలి. మా బాల్కనీ దుమ్ముకి నేనైతే తీసుకోను.

పని అయ్యాక అమ్మని పిలిచాను. రెండు చేతుల్లో ఆరిన బట్టలు ఉన్నాయి, మోచేత్తోనే నెట్టింది. అంతకుముందు పైన ఒకసారి, కాసేపటికి కింద నెడితే ఇంకోసారి వినపడే టక్కు ఈసారి పైనుంచి కింది దాకా ఒకేసారి వినపడింది. అమ్మ ఏమీ అనలేదు, వెనక్కి తిరిగి కింద ఒకసారి చూసి లోపలికి వెళ్లింది.

ముక్క జరిగితే వెంటనే తెలియాలని ట్రాక్ మీద దాని అంచుకి సరిగ్గా పెన్సిల్‌తో గీత గీసి పెట్టాను. ఐదు నెలలైంది. నిన్న మూత తీసి చూశాను, గీత మీదే ఉంది.