బండి ఇంచున్నర లేపాను, కిర్రుమంటూ మూడు వారాలు తిరిగాను

నూజివీడు దగ్గర మా మామిడి తోటకెళ్లే కాలువ గట్టు దారిలో ట్రాక్టర్లు తిరిగి తిరిగి రెండు పక్కలా గాడులు పడిపోయాయి, మధ్యలో మట్టి దిబ్బలా మిగిలింది. నా ఇసుజు వీ క్రాస్ పికప్ (2018 మోడల్, మన శ్రీసిటీలో తయారైన బండే) పొట్ట ఆ దిబ్బకి రాసుకున్నప్పుడల్లా నా కడుపులో కూడా రాసుకున్నట్టే ఉండేది. చూసీ చూసీ చివరికి 40 మిల్లీమీటర్ల లిఫ్ట్ కిట్ తెప్పించా. ముందుకి రెండు స్ప్రింగులు, వెనక్కి రెండు కమాన్ కట్టలు, నాలుగు షాకర్లు, కొత్త బుష్‌లు (కీళ్ల దగ్గరుండే రబ్బరు గొట్టాలు), కమాన్ కట్టని ఇరుసుకి కట్టిపట్టే యూ బోల్టులు.

ఇంకా ఎత్తు పెంచే కిట్లు కూడా దొరుకుతాయి కానీ నాకు ధైర్యం చాల్లేదు. ముందు చక్రాలకి వెళ్లే యాక్సిల్ షాఫ్టులు ఎత్తు పెరిగేకొద్దీ ఏటవాలుగా వంగుతాయి, ఆ వంపుకి వాటి జాయింట్ల మీదుండే రబ్బరు తొడుగులు (బూట్లు) చిరుగుతాయి, చక్రాన్ని పైనుంచి పట్టుకునే అప్పర్ ఆర్మ్ బాల్ జాయింట్ కూడా దాని హద్దు చివరికి వెళ్లిపోతుంది. పైగా మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఒకటుంది, కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదని. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాట గట్టిగానే చెప్పింది. నేను చేసింది చూసి మీరూ చేయండని అనట్లేదు, క్లెయిమ్ రోజున ఇన్సూరెన్స్ వాళ్లు కిందకి దూరి చూస్తే ఏమంటారో లెక్కేసుకునే దిగండి.

ఇంకోటి, చాలామంది పొరపడేది ఇక్కడే. లిఫ్ట్ వేస్తే ఛాసిస్, బాడీ లేస్తాయి కానీ వెనక హౌసింగ్ (ఇరుసు మధ్యలో గేర్లుండే గుండ్రటి ఉబ్బు) ఒక్క మిల్లీమీటర్ కూడా లేవదు. అది ఇరుసుతో పాటు టైర్ల మీదే కూర్చుని ఉంటుంది, దాన్ని లేపాలంటే పెద్ద టైర్లే వేయాలి. నాకు తగిలేది మధ్యలో పొట్ట కాబట్టి సరిపోయింది.

పని మా షెడ్డులోనే, నేనూ మా బామ్మర్దీ. ముందు స్ప్రింగుని షాకర్‌కి ఎక్కించే పని మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో ప్రెస్ ఉన్న షాపులో చేయించా. నొక్కిపెట్టిన స్ప్రింగు ఒక్కసారి జారిందంటే మనిషి మిగలడు, అందుకే బండి మీద ఉన్నది ఊడదీసేటప్పుడు కూడా పైన చుట్టూ ఉండే మూడు నట్లే విప్పాలి, మధ్యలో నట్టు జోలికి పోకూడదు, స్ప్రింగుని నొక్కిపట్టి ఉంచేది అదే. మావాడు ఊపులో సరిగ్గా దానికే పానా వేశాడు, నేను అరిచిన అరుపుకి పక్కింటి కుక్క మొరగడం మొదలెట్టింది.

ముందు వైపు సాయంత్రానికి అయిపోయింది. వెనకే నరకం. కమాన్ కట్టల బోల్టులు ఆరేళ్ల తుప్పు పట్టి ఉన్నాయి, ముందు రోజు రాత్రే నూనె కొట్టి ఉంచినా కదల్లేదు, ఇనప పైపు తొడిగి ఇద్దరం వేలాడితే ఒకటి వచ్చింది, ఇంకోటి గ్రైండర్‌తో కోసేశాం. జాకీ ఇరుసు కింద, స్టాండ్లు ఛాసిస్ కింద. కట్ట మధ్యలో సెంటర్ బోల్టు తల ఇరుసు మీదున్న చిల్లులో సరిగ్గా కూర్చున్నాకే యూ బోల్టులు బిగించాలి, అది పక్కకి కూర్చుంటే ఇరుసే వంకరగా ఉంటుంది. పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు, ఒకసారి బిగిస్తే సాగిపోయి ఉంటాయి.

అంతా బిగించి, చక్రాలెక్కించి, కిందకి దించాం. బండి ఠీవిగా నిలబడింది. మా అమ్మ వచ్చి చూసి "ఒరేయ్, నన్నెక్కించడానికి నిచ్చెన కూడా కొన్నావా" అంది. ఇప్పుడు డిక్కీలో ముక్కాలి పీట ఒకటి తిరుగుతోంది.

కిర్రు మూడో రోజున మొదలైంది. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కిర్రు, దిగితే కిర్రు. గ్రీజు పెట్టా, బోల్టులు ఇంకా బిగించా, ఎక్కువైంది. మూడు వారాలు భరించి ఆటోనగర్‌లో లారీ కమాన్లు కట్టే ఒక పెద్దాయన దగ్గరికెళ్తే ఆయన కిందకి వంగి కూడా చూడలేదు. "బాబూ, చక్రాలు గాల్లో ఉండగా బిగించావా?" అన్నాడు. అవును బాబాయ్, స్టాండ్ల మీదే బిగించా అన్నా. "బండి దాని బరువు మీద అది నిలబడ్డాక కదా బుష్ బోల్టు బిగించేది!"

విషయమేంటంటే బుష్ లోపలి గొట్టం, బయటి గొట్టం మధ్యలో రబ్బరు అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం బ్రాకెట్‌కి పట్టేస్తుంది, ఆ తర్వాత కదలికంతా రబ్బరు మెలి తిరగడమే. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగించి కిందకి దించితే రబ్బరు అప్పటికే సగం మెలిపడి ఉంటుంది, ఊరికే నిలబడ్డా దానికి విశ్రాంతి ఉండదు, అరుస్తుంది, తొందరగా చిరుగుతుంది. కిట్‌తో వచ్చిన కాగితంలో ఈ ముక్క ఉంది, ఇంటికొచ్చాక వెతికితే కనపడింది, మూడో పేజీలో.

ఆయన బండి నేల మీదే ఉంచి, ముందు లోయర్ ఆర్మ్ బోల్టులు, వెనక కట్టల రెండు చివర్లా ఉన్న బోల్టులు అన్నీ వదులు చేయించి, నన్ను బంపర్ మీద ఎక్కి గెంతమన్నాడు. గెంతా. తర్వాత మళ్లీ బిగించాడు, ఇరవై నిమిషాల పని. కిర్రు పోయింది. హబ్ మధ్య నుంచి ఫెండర్ దాకా టేపు పెట్టి కొలిస్తే మొన్న 47 మిల్లీమీటర్లు పెరిగినట్టు చూపించి నేను మురిసిపోయిన ముందు ఎత్తు 41కి వచ్చింది. అంటే ఆ ఆరు మిల్లీమీటర్లు మెలిపడ్డ రబ్బరు మోస్తోందన్నమాట.

అలైన్‌మెంట్ చేయించా, హెడ్‌లైట్లు కూడా కిందకి దించా (ఎదురొచ్చే ప్రతివాడూ డిప్పర్ కొడుతుంటే మొదట వాళ్లనే తిట్టుకున్నా). ఇప్పుడు మిగిలింది ఒకటే, ఆగి బయల్దేరేటప్పుడు బండి ఫ్లోర్ కింద నుంచి చిన్న వణుకు. వెనక చక్రాలకి శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ రెండు ముక్కలు కదా, వెనక ఎత్తు పెరగడంతో మధ్య బేరింగ్ దగ్గర కోణం మారి ఉంటుంది, ఆ బేరింగ్ బ్రాకెట్‌కీ ఛాసిస్‌కీ మధ్య వాషర్లు వేసి కొంచెం దించి చూడాలి. బామ్మర్ది ఆదివారం వస్తానన్నాడు.