అమ్మ పెట్టిన ముప్పయ్యేడు చుక్కలు

గత ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున, తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటి ముందు అమ్మ కళ్ళాపి చల్లి, కొబ్బరిచిప్పలో ముగ్గుపిండి పట్టుకుని వాకిట్లో కూర్చుంది. డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో, ఆల్జీమర్స్ అని తేలిన మూడో ఏట, తనంతట తాను ముగ్గుకు కూర్చోవడం అరుదైపోయింది కాబట్టి నేను గేటు దగ్గరే నిలబడి చూస్తూ ఉండిపోయాను. నడిమి వరుసలో ఏడు చుక్కలు పెట్టి, దానికి పైనా కిందా ఆరు, అయిదు, నాలుగు చొప్పున సందుచుక్కలు పేర్చింది. తరువాత లెక్కపెడితే మొత్తం ముప్పయ్యేడు; ఒక్కటి కూడా వరుస తప్పలేదు. చివరి చుక్క పెట్టిన తరువాత చెయ్యి అలాగే ఆగిపోయింది. చాలాసేపు ఆ చుక్కలను చూసి, నావైపు తిరిగి, "ఇప్పుడు వీటిని ఏం జెయ్యల్ల నాయనా?" అని అడిగింది.

నేను డిగ్రీ కళాశాలలో జంతుశాస్త్రం చెబుతాను. నాడీకణం బొమ్మ బోర్డు మీద ఎన్ని వందలసార్లు గీశానో లెక్కలేదు. అయినా ఆ జబ్బు మెదడులో ఏం చేస్తుందో నాకు నిజంగా అర్థమైంది ఆ వాకిట్లోనే. బంధువులు పలకరించడానికి వచ్చినప్పుడల్లా "మెదడు కుంచించుకుపోయిందంట కదా" అంటారు. స్కానింగులో కనిపించే మాట అదే కాబట్టి వారి తప్పు లేదు. కానీ కుంచించుకుపోవడం కథలో చివరి భాగం. మొదట చెడేది నాడీకణం కాదు, ఒక కణానికీ మరో కణానికీ నడుమ ఉండే కలయిక. చుక్కలు ఇంకా వాకిట్లో ఉండగానే గీతలు పోతాయి.

ఆ కలయికనే సైనాప్స్ అంటారు. ఇంగ్లండుకు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త షెరింగ్టన్ 1897లో వాడుకలోకి తెచ్చిన పేరు ఇది. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. వాటిలో చాలా కణాలకు ఒక్కొక్కదానికి వేల సంఖ్యలో సైనాప్సులు ఉంటాయి. ఇవి ముడివేసిన దారాల వలె అతుక్కుని ఉండవు. రెండింటి మధ్య సుమారు 20 నానోమీటర్ల సందు ఉంటుంది. ఒక కాగితాన్ని అయిదు వేల పొరలుగా చీల్చగలిగితే అందులో ఒక్క పొర మందం అంత. ఇవతలి కణం ఆ సందులోకి గ్లుటమేట్ వంటి రసాయనాన్ని వదులుతుంది, అవతలి కణం దానిని తన గ్రాహకాలతో అందుకుంటుంది. అందుకునే వైపున, కణం కొమ్మల మీద గులాబీ ముళ్ళ వంటి చిన్న మొలకలు ఉంటాయి. స్పెయిన్‌కు చెందిన రామోన్ ఇ కహాల్ వీటిని 1888లో కోడి మెదడులో గుర్తించి బొమ్మలు గీశాడు. అభ్యాసం చేసే కొద్దీ కణాల మధ్య కలయికలు బలపడతాయనీ, నేర్చుకోవడమంటే అదేననీ ఆయన 1894లోనే ఊహించాడు.

ఆ ఊహకు ప్రయోగశాలలో రుజువు దొరకడానికి దాదాపు ఎనభై ఏళ్ళు పట్టింది. 1949లో కెనడా శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్, ఒక కణం మరొక కణాన్ని పదేపదే ఉత్తేజపరచడంలో పాలుపంచుకుంటే ఆ రెండింటి మధ్య ప్రభావం పెరుగుతుందని సూత్రంగా చెప్పాడు. 1973లో టిమ్ బ్లిస్, టెర్యే లోమో అనే ఇద్దరు, ఓస్లోలో కుందేళ్ళ మీద చేసిన ప్రయోగాల ఫలితాలను ప్రచురించారు. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగానికి వచ్చే నాడీతంతువులకు కొద్దిసేపు వేగంగా విద్యుత్ స్పందనలు ఇస్తే, ఆ తరువాత గంటల తరబడి అవతలి కణాలు మునుపటికన్నా పెద్దగా స్పందిస్తూనే ఉన్నాయి. క్షణాల్లో జరిగిన పని గంటల పాటు నిలిచిన జాడను వదిలింది.

ఈ జాడ ఎలా పడుతుందో చెప్పేటప్పుడు నేను విద్యార్థులకు బ్యాంకు లాకరును గుర్తుచేస్తాను. బ్యాంకువారి తాళంచెవి, మన తాళంచెవి రెండూ పడితేగానీ లాకరు తెరుచుకోదు. సైనాప్సులో ఎన్‌ఎండీఏ అనే గ్రాహకం సరిగ్గా అటువంటిదే. మామూలు వేళల్లో దాని ద్వారంలో ఒక మెగ్నీషియం అయాను బిరడా వలె అడ్డుపడి ఉంటుంది. ఇవతలి కణం గ్లుటమేట్ వదలాలి, అదే సమయంలో అవతలి కణం కూడా అప్పటికే ఉత్తేజితమై ఉండాలి. రెండూ కలిసినప్పుడే బిరడా తొలగి కాల్షియం లోపలికి వస్తుంది. ఆ కాల్షియం లోపలి ఎంజైములను మేల్కొలిపితే, ఆంపా అనే మరో రకం గ్రాహకాలు కణం పైపొరకు చేరుతాయి, ముల్లు తల లావెక్కుతుంది, మరుసటిసారి అదే సందేశం మరింత గట్టిగా వినబడుతుంది. జ్ఞాపకం రోజులు, ఏళ్ళు నిలవాలంటే ఇది చాలదు; కణం కొత్త ప్రోటీన్లు తయారుచేసుకోవాలి, కొన్నిచోట్ల కొత్త సైనాప్సులే మొలవాలి. ఎరిక్ కాండెల్ దీనిని సముద్రపు నత్తలో ఓపికగా చూపించి, 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. దీనికి ఎదురుగా నడిచే దారి కూడా ఉంది. కాల్షియం కొద్దికొద్దిగా, చాలాసేపు వస్తే ఆంపా గ్రాహకాలు పైపొర నుంచి వెనక్కి పోతాయి, ముల్లు సన్నబడుతుంది. ఆరోగ్యంగా ఉన్న మెదడుకు ఈ రెండూ కావాలి. అన్ని గీతలూ ఒకే లావున ఉంటే అక్కడ ముగ్గు కనిపించదు.

అయితే అన్ని జ్ఞాపకాలకూ మెదడులో ఒకే చోటు లేదు. 1953లో అమెరికాలో హెన్రీ మోలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి రెండు వైపులా హిప్పోకాంపస్‌లో పెద్దభాగం తీసివేశారు. ఆ తరువాత అతడికి కొత్త సంగతి ఏదీ నిలవలేదు, బాల్యం మాత్రం చాలావరకు మిగిలింది. కొత్త జ్ఞాపకం కట్టేటప్పుడు హిప్పోకాంపస్ కావాలని, కాలక్రమంలో ఆ జ్ఞాపకానికి మెదడు పైపొర ఆధారమవుతుందని శాస్త్రవేత్తలు దీని నుంచి గ్రహించారు. ఆల్జీమర్స్ కూడా తొలిదశలో హిప్పోకాంపస్‌నూ దానికి సమాచారం చేరవేసే పొరుగు పొరనూ దెబ్బతీస్తుంది. ఫ్రాన్సులో మనస్తత్వ శాస్త్రవేత్త రిబో 1881లోనే, జబ్బు మనిషిలో కొత్త జ్ఞాపకాలు ముందు, పాతవి తరువాత పోతాయని రాశాడు.

మా అమ్మను పరీక్షించిన రోజున నేను ఆ సూత్రాన్ని కళ్ళారా చూశాను. పరీక్ష చేస్తున్న కుర్రవాడు ఆమె సొంతూరు ఏ జిల్లాలో ఉందని అడిగాడు. "తిరుత్తణి, చిత్తూరు జిల్లా" అంది అమ్మ. ఆ అబ్బాయి తప్పు అని గుర్తు వేసుకున్నాడు. అది తప్పు కాదు. అమ్మ పుట్టి పెరిగిన రోజుల్లో తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనే ఉండేది, 1960లో గదా మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది. పొద్దున ఇడ్లీ తిన్నదో దోసె తిన్నదో చెప్పలేకపోయిన మనిషి, తన పదమూడో ఏటికి ముందున్న పటాన్ని చెక్కుచెదరకుండా చెప్పింది. అదే రోజు గడియారం గీయమంటే పన్నెండు అంకెలూ వేసి, ముళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక కాగితం తిరిగి ఇచ్చేసింది.

ఇక జబ్బు సంగతి. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరిన ఔగుస్తె డెటర్ అనే మహిళను అలోయిస్ ఆల్జీమర్ అనే వైద్యుడు పరిశీలించాడు. ఆమె 1906లో మరణించాక మెదడును సూక్ష్మదర్శినిలో చూసి, కణాల బయట పేరుకున్న ఫలకాలనూ, కణాల లోపల చిక్కుపడిన పోగులనూ వర్ణించాడు. ఫలకాలలో ఉండేది అమిలాయిడ్ బీటా అనీ, పోగులు టౌ అనే ప్రోటీన్ అనీ 1980లలో తెలిసింది. అప్పటి నుంచి చూపంతా ఫలకాల మీదే నిలిచింది. కానీ 1991లో రాబర్ట్ టెర్రీ బృందం రోగుల మెదళ్ళలో ఫలకాలనూ, చిక్కులనూ, సైనాప్సులనూ విడివిడిగా లెక్కగట్టి, మనిషి మతిమరుపు తీవ్రతకు అన్నిటికన్నా బాగా సరిపోయే కొలత సైనాప్సుల నష్టమేనని చూపించింది. ఈ విషయంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసిన ఫలితం ఇదే. ఫలకాలు దండిగా ఉండి కూడా తెలివి నిలిచినవారు ఉన్నారు; సైనాప్సులు పోయి తెలివి నిలిచినవారు కనబడరు.

మరి అమిలాయిడ్ నిర్దోషి అని కాదు. ఫలకంగా గడ్డకట్టక ముందు, కొన్ని అణువులు మాత్రమే గుంపుకట్టి ద్రవంలో తిరిగే దశలో అది ఎక్కువ హాని చేస్తుంది. ఆ చిన్న గుంపులు సైనాప్సు బలపడే దారిని అడ్డుకుని, సన్నబడే దారిని తెరుస్తాయని అనేక ప్రయోగశాలలు స్వతంత్రంగా చూపించాయి. (ఈ రంగంలో 2006 నాటి ఒక ప్రసిద్ధ పత్రంలో బొమ్మలు మార్చినట్లు బయటపడి 2024లో దానిని ఉపసంహరించారు. అటువంటి పని ఎంతమంది రోగుల కాలాన్ని తినేస్తుందో తలచుకుంటే బాధ కలుగుతుంది. అయితే ఆ ఒక్క పత్రంతో మొత్తం ఆధారం కూలిపోలేదు.) 2016లో బెత్ స్టీవెన్స్ బృందం ఎలుకల్లో మరో సంగతి చూపించింది. పసితనంలో మెదడు అవసరం లేని సైనాప్సులకు, రోగనిరోధక వ్యవస్థకు చెందిన కాంప్లిమెంట్ ప్రోటీన్లతో గుర్తు పెడుతుంది, మైక్రోగ్లియా అనే రక్షక కణాలు వాటిని మింగివేస్తాయి. తోటమాలి కొమ్మలు కత్తిరించడం వంటి పని అది. ఈ జబ్బులో, ఫలకాలు ఏర్పడక ముందే, అదే యంత్రాంగం మళ్ళీ మేల్కొని పనికివచ్చే సైనాప్సులను తినడం మొదలుపెడుతుంది. అమ్మ మెదడులో ఏళ్ళ క్రితం, మేమెవరమూ ఏమీ గమనించని రోజుల్లో, కాపలా కాయవలసిన కణాలే గీతలను చెరుపుతూ ఉండి ఉంటాయన్న ఆలోచన నన్ను చాలా రాత్రులు నిద్రపోనివ్వలేదు.

అదే 2016లో అమెరికాలోని ఎంఐటీలో సుసుము తోనెగావా బృందం చేసిన ప్రయోగం మాత్రం కొంత ఊరటనిచ్చింది. ఆల్జీమర్స్ తొలిదశను పోలిన ఎలుకలకు ఒక పెట్టెలో చిన్న షాకు ఇచ్చారు. మరునాడు అదే పెట్టెలో పెడితే అవి భయపడలేదు; మరచిపోయాయని అనుకోవాలి. కానీ ఆ అనుభవం వేళ పనిచేసిన కణాలను గుర్తించి, వాటిని నేరుగా కాంతితో ఉత్తేజపరిస్తే ఎలుకలు భయంతో బిగుసుకుపోయాయి. అంటే జ్ఞాపకం పడింది, దాన్ని చేరే దారి లేదు. ఆ కణాల మీద ముళ్ళు తక్కువగా ఉన్నాయని తేలింది; తగిన కాంతి స్పందనలతో ఆ సైనాప్సులను బలపరిస్తే ముళ్ళు మళ్ళీ పెరిగి, జ్ఞాపకం మామూలుగానే తిరిగివచ్చింది. ఇది ఎలుకలలో, తొలిదశలో జరిగిన పని. మనుషుల మెదడులో అలా కాంతి పెట్టే వైద్యం లేదు. అయినా "మరచిపోయింది" అనే మాటను నేను ఆ తరువాత ఇంట్లో వాడడం మానుకున్నాను.

మందుల విషయం క్లుప్తంగా చెబుతాను. 1996 నుంచి ఉన్న డోనెపెజిల్, సైనాప్సులో అసిటైల్‌కోలిన్ అనే సందేశ రసాయనం త్వరగా విరిగిపోకుండా ఆపి, మిగిలిన కలయికలకు కొంత బలమిస్తుంది; జబ్బును ఆపదు. అమ్మ వాడుతున్నది అదే. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అమిలాయిడ్‌ను తొలగిస్తుంది. 1,795 మందితో 18 నెలలు జరిగిన పరీక్షలో క్షీణత 27 శాతం నెమ్మదించింది. జబ్బు తీవ్రతను కొలిచే 18 పాయింట్ల కొలబద్ద మీద తేడా 0.45. కొందరిలో మెదడులో వాపు, రక్తస్రావం కనిపించాయి. దీన్ని అద్భుతమనడం కుటుంబాలను మోసగించడమే అవుతుంది, వృథా అనడమూ సరికాదు. తొలిదశలో ఇస్తేనే ఆ మాత్రం ఫలితం ఉంటుంది, ఎందుకంటే పోయిన గీతలను అది తిరిగి గీయలేదు.

తొలిదశ అన్న మాట దగ్గర నా మనసు బరువెక్కుతుంది. అమ్మ ఒకే ప్రశ్న గంటలో నాలుగుసార్లు అడగడం మొదలైనప్పుడు ఊళ్ళో ఒక ఆసుపత్రికి తీసుకుపోయాము. "వయసు పైబడితే మామూలే" అని ఒక బలం మాత్ర రాసి పంపారు. బీ12 చూడలేదు, థైరాయిడ్ చూడలేదు, జ్ఞాపకం చూడడానికి మూడు మాటలు చెప్పి అయిదు నిమిషాల తరువాత తిరిగి అడగలేదు. మేమూ ఆ మాటనే నమ్మాలనుకున్నాము, నమ్మాము. ఏడాదిన్నర అలా పోయింది. తరువాత వేరేచోట పరీక్ష చేస్తే బీ12 తక్కువగానే ఉంది. సూదులు వేయిస్తే నీరసం తగ్గింది, మరపు తగ్గలేదు. కొందరిలో ఆ లోపమే మతిమరుపుకు కారణమై, వైద్యంతో నయమవుతుంది. మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి, డిమెన్షియా (ఆల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బు) ఉందని 2023లో ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. వారిలో ఎందరి ఇళ్ళలో "వయసు" అన్న మాట ఇలాగే అడ్డుపడి ఉంటుందో!

మన ప్రాంతానికి దగ్గరైన మాట ఒకటి చెప్పాలి. హైదరాబాదు నిమ్స్‌లో నాడీవైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రచురించింది. చదువురానివారిలోనూ ఆ తేడా కనిపించింది. నగరి, పుత్తూరు వైపు ఏ సంతలో నిలబడినా తెలుగూ అరవమూ ఒకే నోట వినబడతాయి. అమ్మ పుట్టింట్లో అరవం, అత్తింట్లో తెలుగు మాట్లాడింది. ఆ రెండు భాషలే ఆమెకు కొన్నేళ్ళు మిగిల్చాయేమో చెప్పగలిగే పరీక్ష లేదు, కానీ ఇప్పుడు ఇంట్లో ఆమెతో రెండూ మాట్లాడుతున్నాము. తెలుగులో జవాబు దొరకని ప్రశ్నకు ఒక్కోసారి అరవంలో దొరుకుతుంది.

ఆ తెల్లవారుజాముకు వస్తాను. హెన్రీ మోలైసన్‌కు బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే పని ఇచ్చింది. ఆ పని మునుపు చేసినట్లు అతడికి గుర్తులేకపోయినా, రోజురోజుకూ చెయ్యి మెరుగైంది; చేతి నేర్పుకు హిప్పోకాంపస్ మీద ఆధారపడని దారులు ఉన్నాయి. అది గుర్తుకువచ్చి, అమ్మకు జవాబేమీ చెప్పకుండా పక్కన కూర్చుని, చిటికెడు పిండి తీసుకుని నడిమి చుక్క నుంచి ఒక రేకు గీశాను. వంకరగా వచ్చింది. అమ్మ దానిని అరచేత్తో తుడిచి, తాను సరిగ్గా వేసింది. ఆగకుండా రెండోది, మూడోది వేసింది. నాలుగో రేకు దగ్గర చెయ్యి మళ్ళీ నిలిచిపోయింది. నేను ఇంకోటి మొదలుపెట్టాను, ఆమె ముగించింది. పాలు పోసే అతను గేటు తీసేసరికి ఆరు రేకులూ వచ్చాయి.