50 నంబరు చొక్కా

నిద్ర పట్టడం లేదు. ఈయన గురక సంగతి మీకు కొత్త కాదు, ఇవాళ్టి కారణం అది కాదు. పొద్దున పార్కులో ఆ పెద్దాయన అన్న ఒక్క ముక్క బుర్రలోంచి పోవట్లేదు.

ఆదివారాల కోచింగ్ గురించి ఇదివరకే విసుక్కున్నాను కదా, అదే. మా చిన్నాడు హైస్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు, వాడి టీమ్ కోచ్ ఎక్కణ్ణుంచో ఇద్దరు రిటైరైన ఆటగాళ్ళని పట్టుకొచ్చాడు. ఇద్దరూ లైన్‌బ్యాకర్లే, అంటే డిఫెన్స్‌లో ముందు వరస వెనకాల నిలబడి బంతి తెచ్చేవాణ్ణి పడేసేవాళ్ళు. ఒకాయన ఎనభైల్లో ఆడాడట, రెండో ఆయన ఆ తర్వాత. చిన్నాయనకి ఊతకర్ర ఉంది, పెద్దాయనకి లేదు గానీ కారు దిగడానికి ఆయనకి పట్టే టైములో నేను ట్రంకులోంచి నీళ్ళ కేసులన్నీ దింపేస్తాను. డబ్బులు తీసుకోరు. ప్యాడ్లు వెయ్యరు, పిల్లలు ఒకళ్ళనొకళ్ళు గుద్దుకోరు. సీజన్ కానప్పుడు హైస్కూల్ పిల్లలకి ఒళ్ళు తగిలే ప్రాక్టీసు పెట్టకూడదని 2015 నుంచి కాలిఫోర్నియాలో చట్టం ఉంది. సీజన్లోనైనా వారానికి రెండు రోజులే, రోజుకి 90 నిమిషాలే. ఆ చట్టాన్ని నమ్ముకునే పంపిస్తున్నాను.

చిన్నాడు ఇవాళ సూట్‌కేస్ అడుగునుంచి పాత ఎర్ర చొక్కా తీసి వేసుకొచ్చాడు. ముందు 50, వెనక బోర్లాండ్ అని పేరు. పెద్దాయన వీణ్ణి భుజం పట్టుకుని తిప్పి వీపు మీద పేరు చదివాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా అందరికంటే తెలివైనవాడు" అన్నాడు. అనేసి, విజిలేసి పిల్లల్ని, అవతలి ఆటగాళ్ళ బదులు వరసగా పెట్టిన చెత్తడబ్బాల దగ్గరికి తోలుకుపోయాడు.

అంతే. ఆ పైన గంటన్నర, ఆయన తెలివైనవాడు అన్న మనిషి దేన్ని వదిలేసి వెళ్ళాడో దాన్నే మా వాడికి శ్రద్ధగా నేర్పాడు.

ఆ చొక్కా కథ పాతవాళ్ళకి తెలుసు. ఈయన ఎప్పుడు డబ్బు దండగ చేసినా నేను దాని ఊసే ఎత్తుతాను. 2014లో శాంటా క్లారాలో మా ఊరి జట్టు ఫార్టీనైనర్స్‌కి కొత్త స్టేడియం తెరిచారు. మ్యాచ్ రోజుల్లో ఆ చుట్టుపక్కల ట్రాఫిక్‌లో ఇరుక్కుని రేడియోలో కామెంటరీ విని విని ఈయనకి ఫుట్‌బాల్ పిచ్చి పట్టింది, అంతకు ముందు టచ్‌డౌన్ అంటే ఏంటో కూడా తెలీదు మహానుభావుడికి. ఆ ఏడు ఆ జట్టులో పేరున్న లైన్‌బ్యాకర్ ప్యాట్రిక్ విల్లిస్‌కి కాలి బొటనవేలు దెబ్బతిని కూర్చుండిపోతే, విస్కాన్సిన్ నుంచి వచ్చిన కొత్త కుర్రాడు క్రిస్ బోర్లాండ్ ఆడటం మొదలుపెట్టాడు. ఆరడుగులు కూడా లేడు, కాలేజీల నుంచి కొత్తవాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడో రౌండులో తీసుకున్నారు. నవంబర్‌లో న్యూయార్క్ జెయింట్స్‌తో ఆట. చివర్లో అవతలివాళ్ళు గెలిచేసేలా ఉన్నారు, ఎండ్ జోన్‌లోకి, అంటే పాయింట్లొచ్చే చోటికి, విసిరిన బంతిని వాడు పట్టేశాడు. ఆ రోజు వాడికది రెండోది. ఈయన వేసిన కేకకి అత్తయ్యగారు మధ్యాహ్నం నిద్రలోంచి లేచి, ఎవరికేమైందిరా అని హాల్లోకి వచ్చారు. మర్నాడు సాయంత్రం చొక్కా కొనుక్కొచ్చాడు. ఒకటో క్లాసు పిల్లాడికి పెద్దవాళ్ళ సైజు. అదేంటండీ అంటే "పెరుగుతాడుగా" అన్నాడు. మా నాన్న మా అన్నయ్యకి బూట్లు కొన్న లెక్క అన్నమాట. మోకాళ్ళ కిందకి వేలాడే ఆ చొక్కాతోనే చిన్నాడు పడుకునేవాడు, స్నానానికి వెళ్ళాలన్నా దాన్ని విప్పించడానికి బేరాలాడాల్సి వచ్చేది.

2015 మార్చిలో విల్లిస్ ముప్ఫై ఏళ్ళకే రిటైరయ్యాడు, పాదాలు పనికిరాకుండా పోయాయని. పర్లేదు, బోర్లాండ్ ఉన్నాడుగా అన్నాడు ఈయన. వారం తిరక్కుండా బోర్లాండూ మానేశాడు. ఇరవై నాలుగేళ్ళు, ఒక్క సీజన్. దెబ్బలు తగిలి కాదు, ముందు ముందు తలకి ఏమవుతుందోనని. టీమ్‌లో చేరేటప్పుడు ఇచ్చిన సైనింగ్ బోనస్‌లో నాలుగో వంతు ఉంచుకుని మిగతాది తిరిగి ఇచ్చేశాడు. ఈయన ఆ వార్త చదివి మొదట అన్నది, "మరి చొక్కా వాపసు తీసుకుంటారా?" జోకని అనుకున్నాం గానీ నిజంగానే బిల్లు వెతికాడు.

చిన్నాడు మాత్రం, "ఆయనకి ఆడటం రాదా అమ్మా?" అనడిగాడు. వచ్చు నాన్నా, చాలా బాగా వచ్చు అన్నాను. "మరెందుకు?" అన్నాడు. తలనొప్పి వస్తుందని అని ఏదో చెప్పి పంపేశాను. ఆరేళ్ళ వాడికి, మెదడు దెబ్బతిన్న మైక్ వెబ్‌స్టర్ లాంటి పాత ఆటగాళ్ళ గురించి ఏం చెప్తాం.

ఆ రోజుల్లో నేను రాత్రుళ్ళు కూర్చుని ఇదంతా చదివాను, పెద్దది ఇప్పటికీ వెక్కిరిస్తుంది. బోర్లాండ్‌కి ట్రైనింగ్ క్యాంపులో తలకి దెబ్బ తగిలిందట. టీమ్‌లో చోటు పోతుందని ఎవరికీ చెప్పకుండా ఆడేశాడు. తర్వాత నేనేం చేస్తున్నాను అని తనకే అనుమానం వచ్చి, పాత ఆటగాళ్ళ గురించి చదవడం మొదలుపెట్టాడు. తన ఇంటర్వ్యూలో చెప్పిన పేర్లు మూడు. మైక్ వెబ్‌స్టర్, పిట్స్‌బర్గ్ సెంటర్, 2002లో యాభై ఏళ్ళకే పోయాడు. తలకి దెబ్బలు తగిలి తగిలి మెదడు పాడైపోయే సీటీఈ అనే జబ్బు ఈ ఆటగాళ్ళలో మొదట బయటపడింది ఆయన మెదడులోనే, బెనెట్ ఒమాలు అనే డాక్టరు చూశాడు. రే ఈస్టర్లింగ్, అట్లాంటాలో ఆడినవాడు. డేవ్ డ్యూర్సన్, 2011లో తనని తానే కాల్చుకున్నాడు. తలకి కాదు, గుండెకి, మెదడు పరీక్షకి పనికిరావాలని.

ఈ డ్యూర్సన్ 1985 షికాగో జట్టువాడు. అదే జట్టులో మధ్యలో నిలబడి డిఫెన్స్ నడిపినవాడు మైక్ సింగిల్‌టరీ, 50 నంబరే. కళ్ళు ఇంతింత చేసుకుని అవతలి వరసని చూసే ఫోటో ఒకటుంటుంది, చూసే ఉంటారు. కాలేజీలో పదహారు హెల్మెట్లు పగలగొట్టాడని గొప్పగా చెప్పుకుంటారు. హెల్మెట్లు సరే, లోపల ఉన్నది ఎవరు లెక్కపెట్టారు? ఆ సింగిల్‌టరీయే తర్వాత ఇక్కడికి కోచ్‌గా వచ్చి, 2007లో కొత్తగా చేరిన విల్లిస్‌కి ఆట నేర్పాడు. విల్లిస్ ఆ ఏడాదే డిఫెన్స్‌లో ఉత్తమ కొత్త ఆటగాడు, 2024లో మేటి ఆటగాళ్ళకిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం. పెద్దాళ్ళ దగ్గర నేర్చుకుంటే ఎంత వస్తుందో చెప్పడానికి కోచ్‌లందరూ ఈ కథే చెప్తారు. కానీ ఆ విల్లిస్ పక్కన కూర్చున్న బోర్లాండ్ నేర్చుకున్నది వేరే పెద్దాళ్ళ దగ్గర. బతికున్నవాళ్ళ దగ్గర కాదు.

బతికున్నవాళ్ళు ఏం నేర్పారో కూడా ఉంది. కొత్తగా చేరినవాళ్ళకి ఎన్ఎఫ్ఎల్, అంటే వీళ్ళ ప్రొఫెషనల్ లీగ్, ఒక సభ పెట్టేది. 2014 సభలో హాల్ ఆఫ్ ఫేమ్ బంగారు కోటేసుకుని క్రిస్ కార్టర్ అనే పాత ఆటగాడు స్టేజి మీద నిలబడి, మీ చుట్టూ ఉండేవాళ్ళలో ఒకణ్ణి మీ బదులు జైలుకెళ్ళడానికి సిద్ధంగా ఉంచుకోండి అని సలహా ఇచ్చాడు. బోర్లాండ్ ఆ హాల్లోనే ఉన్నాడు. మరుసటి ఏడాది వాడు ఈ సంగతి బయటపెడితే కార్టర్ క్షమాపణ చెప్పాడు, లీగ్ ఆ వీడియో తీసేసింది. అనుభవజ్ఞులు అనగానే దణ్ణం పెట్టే మనలాంటి వాళ్ళు ఒకసారి గుర్తు తెచ్చుకోవాల్సిన ముచ్చట.

ఇక అసలు చిరాకు. సాయంత్రం పాట్‌లక్. వెళ్ళనని మొత్తుకున్నాను, గుత్తొంకాయ చేసేశాను కదా అని వెళ్ళాను.

"మీవాడు ఇంకా ఫుట్‌బాలేనా? ఏ కాలేజీ కోసం అండీ?" అని మొదలుపెట్టింది ఒకావిడ. కాలేజీ కోసం కాదండీ, వాడికిష్టం అన్నాను. నమ్మలేదు, కళ్ళు చిన్నవి చేసి, ఏదో సీక్రెట్ దాస్తున్నట్టు చూసింది. పక్కనున్నాయన, "మన ఒళ్ళు దానికి పనికిరాదమ్మా, ఏడేళ్ళప్పుడే టెన్నిస్‌లో వేసుండాల్సింది" అన్నాడు. ఆయన కొడుకు టెన్నిస్ రాకెట్ గరాజ్‌లో బూజు పట్టి ఉందని మాకందరికీ తెలుసు. ఇంతలో ఈయన, నా మొగుడుగారు, పెరుగన్నం కలుపుకుంటూ ఆదివారాల కోచింగ్ గురించి చెప్పేశాడు. ఇక చూడండి. "అబ్బ! రిటైర్డ్ ప్లేయర్స్ దగ్గర మెంటార్‌షిప్! కాలేజీ అప్లికేషన్ ఎస్సేకి భలే ఉంటుంది. మా కౌన్సెలర్ నంబర్ ఇస్తా, ఆ ఇద్దరిలో ఒకరి చేత రికమెండేషన్ లెటర్ రాయించుకోండి. అవునూ, మావాణ్ణి కూడా పంపించమంటారా? ఆడడు లెండి, ఊరికే వచ్చి నిలబడతాడు."

ఊరికే వచ్చి నిలబడతాడట!

నాకు మండుకొచ్చింది ఆ మాటకి కాదు. అంతమంది ఉన్నారు, అందులో ఇద్దరు డాక్టర్లు. ఏ ఒక్కరూ, "తలకి దెబ్బలు తగలవా?" అని అడగలేదు. అడిగితే నాకు కోపం వచ్చి ఉండేది, అది వేరే సంగతి. బోస్టన్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో 111 మంది ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ళ మెదళ్ళు చూస్తే 110 మందిలో ఆ సీటీఈ జబ్బు ఉంది. అవి అనుమానం వచ్చిన కుటుంబాలు ఇచ్చిన మెదళ్ళు, అందరికీ అంతే అని అర్థం కాదు. తెలుసు నాకు. అయినా రాత్రి పన్నెండు దాటాక 110 అనే అంకె అలాంటి సమాధానాలు వినదు.

కారులో తిరిగొస్తూ, వచ్చే వారం నుంచి మాన్పించేద్దాం అని గట్టిగా అనుకున్నాను. ఆడినాయనే బోర్లాండ్‌ని మా అందరికంటే తెలివైనవాడు అన్నాక ఇంకేం సాక్ష్యం కావాలి?

ఇంటికొచ్చాక చిన్నాడు డైనింగ్ టేబుల్ మీద గ్లాసులు వరసగా పెట్టి నన్ను కూర్చోబెట్టాడు. అవి అవతలి జట్టు ముందు వరస. మధ్యలోది బంతి వెనక్కి అందించే సెంటర్, అటూ ఇటూ గార్డులు. "బంతిని చూడకమ్మా. బంతి మోసం చేస్తుంది, గార్డు చెయ్యలేడు. వాడి తల పైకి లేస్తే పాస్. కిందే ఉంటే రన్. పక్కకి పరిగెత్తాడా, నువ్వూ వాడితోనే." స్టీలు గ్లాసు జరుపుతూ నన్ను పరీక్ష చేశాడు. రెండుసార్లు కరెక్టుగా చెప్పాను. వాడి మొహం చూడాలి మీరు.

తర్వాత లేచి, ఎదుటివాణ్ణి ఎలా పట్టుకోవాలో చూపించాడు. తల పక్కకి, భుజం తొడల మీదకి, చేతులు చుట్టేసి, రగ్బీ వాళ్ళలాగా. "కోచ్ వాళ్ళకి చిన్నప్పుడు తల ముందుపెట్టి కొట్టమని నేర్పారంట అమ్మా. అది ఎవరైనా చేస్తే ఇంటికి పంపిస్తానన్నాడు. నేర్చుకున్నది మర్చిపోవడానికి ఆయనకి ఇరవై ఏళ్ళు పట్టిందంట."

ఇది నాకు పార్కులో వినపడలేదు. నేను నీళ్ళ సీసాల దగ్గరున్నాను.

అప్పట్నుంచి ఎటూ తేలట్లేదు. పెద్దాయన పాఠం చెప్పకపోతే వేరే ఎవడో చెప్తాడు, తల ముందుపెట్టి వెళ్ళరా అనేవాడు ఇప్పటికీ ఎక్కడో ఉంటాడు. ఆ లెక్కన పెద్దాయన ఆదివారం వచ్చి, మోకాళ్ళు సహకరించకపోయినా వంగి మరీ చూపించడం మంచి పనే. బోర్లాండ్ వెళ్ళిపోయాడు, పెద్దాయన ఉండిపోయి సరిచేస్తున్నాడు, ఇద్దరూ తెలివైనవాళ్ళే అనుకోవచ్చు. అనుకున్నాను కూడా, ఒక పావుగంట. మళ్ళీ ఇంకోటి గుర్తొచ్చింది. ఆ పరిశోధనలు చేసేవాళ్ళు చెప్పేది ఒక్క పెద్ద దెబ్బ గురించి కాదు, ఏళ్ళ తరబడి తగిలే చిన్న చిన్న దెబ్బల గురించి. భుజం ఎంత సరిగ్గా పెట్టినా లైన్‌బ్యాకర్ అన్నవాడు ప్రతి ఆటలోనూ ఎవడో ఒకణ్ణి ఢీకొట్టాల్సిందే, అదే వాడి ఉద్యోగం.

ఇంత ఆలోచించి నీళ్ళు తాగడానికి వస్తే ఫ్రిజ్ మీద ఆ కాగితం. తలకి దెబ్బ తగిలితే కనబడే లక్షణాలు చదివామని ప్రతి ఏడూ తల్లో తండ్రో, పిల్లాడూ సంతకం పెట్టాలి. ఈయన చదవకుండానే పెట్టేశాడు. చిన్నాడిది కూడా ఉంది, వాడు చదివాడనే అనుకుంటున్నా, ఒక లైన్ కింద పెన్సిల్ గీత ఉంది. ఇద్దరూ పెట్టాక నా అవసరం ఏముంది. గుత్తొంకాయ చెయ్యడానికి మాత్రం కావాలి నేను.

వచ్చే ఆదివారం కారు నేను తీస్తాను. పిల్లలు వార్మప్‌లో ఉన్నప్పుడు పెద్దాయన్ని పక్కకి పిలిచి ఒక్కటే అడుగుతా, మీ మనవళ్ళు ఆడుతున్నారా అని. ఈయనకి చెప్తే "అలా అడక్కు, బాగోదు" అంటాడు. అందుకే చెప్పట్లేదు.