కనుమ దాటిన కొసాక్కుల పిల్లలకు రష్యన్ ఎలా నిలిచింది?

భాష ఇంట్లో మాట్లాడితే చాలు, పిల్లలకు అదే వస్తుందని మన ప్రవాస తల్లిదండ్రుల్లో చాలామంది ధీమా. చైనా వాయవ్యాన ఉన్న షిన్‌జియాంగ్ చేరిన కొసాక్కుల (రష్యా సరిహద్దుల్లో గుర్రపు సైనికులుగా బతికిన సమాజం) కథ ఇందుకు కొంచెం అడ్డం వస్తుంది.

రష్యా అంతర్యుద్ధంలో ఓడిన ఒరెన్‌బర్గ్ కొసాక్కులు 1919 చివర్లో కజక్ గడ్డిమైదానాల (స్టెప్పీ) మీదుగా తూర్పుకు నడిచారు. ఆ నడకకు ‘ఆకలి యాత్ర’ అని పేరు. చలి, ఆకలి ఒక ఎత్తు. టైఫస్ మరో ఎత్తు. అది పేల వల్ల అంటుకునే జబ్బు. బట్టలు మరగబెట్టే వీలు లేక, ఇరుకు గుడిసెల్లో ఒకరినొకరు ఆనుకుని పడుకోవడంతో వేలమంది పోయారు. 1920 మార్చిలో వాళ్లలో జనరల్ బకిచ్ దళం షిన్‌జియాంగ్‌లోని చుగుచాక్ వైపు చైనా సరిహద్దు దాటింది. వాళ్ల అటమాన్ (నాయకుడు) దూతోవ్ వెంట ఉన్నవాళ్లు కారా-సారిక్ కనుమ ఎక్కారు. మంచు కట్టిన ఇరుకు దారిలో బండ్లు పోవు. వదిలేయగా మిగిలిందే సామాను. తాబిన్ మేరీమాత చిత్రపటాన్ని మాత్రం వదల్లేదు. అవతల షిన్‌జియాంగ్ గవర్నర్ యాంగ్ జెంగ్‌షిన్ మనుషులు ఆయుధాలు తీసేసుకున్నారు. మరుసటి ఏడాది అక్కడి సుయిదూన్ పట్టణంలో దూతోవ్‌ను సోవియట్ ఏజెంట్లు చంపేశారు.

ఉండిపోయినవాళ్లు కుల్జా, చుగుచాక్, ఉరుమ్చీల్లో పిండిమరలు, రొట్టెల బట్టీలు, తేనెటీగలు పెట్టుకున్నారు. వీధిలో ఉయ్‌గుర్, కజక్ భాషలు, ప్రభుత్వ కార్యాలయంలో చైనీస్. అయినా రష్యన్ పోలేదంటే, నా లెక్కలో కారణం రష్యన్ మాధ్యమపు బడి. అక్కడ లెక్కలు కూడా రష్యన్‌లోనే. తోటి పిల్లలతో పోట్లాటా అందులోనే. అమ్మ ఒక్కతే ఇంట్లో ఆ పని చేయలేదు.

1950ల మధ్య నుంచి చాలా కుటుంబాలు సోవియట్ యూనియన్‌కో ఆస్ట్రేలియాకో కదిలాయి. తరగతిలో పిల్లలు తగ్గిపోయారు, బడి మూతపడింది. కుల్జాలో మళ్లీ తెరిచింది 1980ల్లోనే. మధ్యలో పెరిగిన తరానికి, ముఖ్యంగా చైనీయులతో పెళ్లిళ్లు కలిసిన ఇళ్లలో, గుర్తింపు పత్రంలో రష్యన్ జాతి, నోట చైనీస్. ఈస్టర్ గుడ్లకు రంగులు వేయడం, రొట్టె కాల్చడం, అకార్డియన్ వాయించడం నిలిచాయి, ఎందుకంటే వాటికి వ్యాకరణం అక్కర్లేదు.

ఆస్ట్రేలియా చేరినవాళ్లకు దొరికింది చర్చిల పక్కన శనివారపు బడి. వారంలో కొన్ని గంటలు, మన వారాంతపు తెలుగు తరగతిలాగే. అక్కడ కూడా చదవడం, రాయడం వస్తాయి. పిల్లలు రష్యన్‌లో పోట్లాడుకోవాలంటే మాత్రం ఆ గంటలు చాలవు.