గడియ నేను తీయలేదు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, తల్లుల చంకనెక్కి బిక్కుబిక్కుమంటూ చూస్తున్న పసివాళ్లను టీవీలో చూశాను. వాళ్లకు పాలు, మంచినీళ్లతో పాటు ఇంకొక సహాయం కూడా అందాలని, అది సమయానికి అందక మా ఇంట్లో మూడు నెలలు ఎలా గడిచాయో రాయాలని అప్పుడే అనుకున్నాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. మా అబ్బాయికి అప్పుడు నాలుగేళ్లు. మావారు డ్యూటీకి వెళ్లి చిక్కుకుపోవడంతో మూడో అంతస్తులోని ఇంట్లో నేనూ వాడే ఉన్నాం. మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి ఆగింది. తుపాను కన్ను మా ఊరి మీదుగా పోతోందని, కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుందని తెలియక, అంతా అయిపోయిందనుకుని వంటింట్లోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి వాడు కుర్చీ ఎక్కి, కిటికీ గడియ పట్టుకుని సముద్రం వైపు చూస్తున్నాడు. నేను వాణ్ని వెనక్కి లాగుతూ ఉండగానే అద్దం పగిలి నా ఎడమ చేతిలో దిగింది. పదిహేడు కుట్లు పడ్డాయి, మానాయి.

వాడికి గీత కూడా పడలేదని అందరం దేవుడికి దణ్ణం పెట్టుకున్నాం. కానీ వారం తిరిగేసరికి వాడికి మాట తగ్గింది. దీపావళి నాటికి పూర్తిగా ఆగిపోయింది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. కుక్కరు కూత వేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరేవాడు. పేరున్న ఒక ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకు చూపిస్తే, "ఈ వయసులో ఇవేమీ గుర్తుండవమ్మా, మీరు గారాబం తగ్గించండి" అని టానిక్కు రాసిచ్చారు. ఆ మాట నమ్మి నేను వాణ్ని గదమాయించిన రోజులున్నాయి. అవి తలుచుకుంటే ఇప్పటికీ ఆయన మీద కోపం వస్తుంది, ఆ వెంటనే నా మీద కూడా వస్తుంది.

నవంబరు చివర ఒక రాత్రి చినుకులతో పాటు ఈదురుగాలి లేచింది. మెలకువ వచ్చి తడుముకుంటే పక్కలో వాడు లేడు. మంచం కింద గోడకు అతుక్కుపోయి, బట్టలన్నీ తడిసి, దిండు గుండెకు హత్తుకుని ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి గాని నన్ను పోల్చుకోవడం లేదు. నేను చేయి చాచితే గోళ్లతో రక్కాడు. అలా ఎంతసేపు గడిచిందో చెప్పలేను. నేను నేల మీద బోర్లా పడుకుని, లోపలికి వెళ్లలేక, బయటికి లాగలేక, వాడి పేరు పిలుస్తూ ఏడ్చాను. తెల్లవారుజామున వాడి నోట మాట వచ్చింది: "గడియ నేను తీయలేదు." నెల రోజుల తర్వాత విన్న మొదటి మాట అది. బిడ్డ మాట్లాడాడన్న సంతోషంలో ఏం మాట్లాడాడో నేను పట్టించుకోలేదు.

దిష్టి తీయించాం, తాయెత్తు కట్టించాం, సింహాచలం అప్పన్నకు మొక్కుకున్నాను. జనవరిలో బెంగళూరులో ఉండే మా చెల్లెలు పట్టుబట్టి మమ్మల్ని అక్కడి మానసిక వైద్యశాల నిమ్‌హాన్స్‌కు తీసుకువెళ్లింది. ఆరేళ్లు, అంతకన్నా చిన్న పిల్లల్లో పీటీఎస్‌డీని, అంటే పెద్ద ప్రమాదం తర్వాత మనసును వదలని భయాన్ని, గుర్తించేందుకు ప్రత్యేక లక్షణాలను అమెరికా మనోవైద్యుల సంఘం 2013లోనే తన వర్గీకరణలో చేర్చిందని అక్కడి డాక్టరుగారు చెప్పినప్పుడు, వాడి బాధకు ఒక పేరుందని తెలిసి నా ఒళ్లంతా తేలికపడింది.

మాకు కేటాయించిన సైకాలజిస్టు అనంతపురం వైపు నుంచి వచ్చిన అమ్మాయి. ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, మీరు నిద్రపోతున్నారా?" అని. బిడ్డను చూడమని తెస్తే నా నిద్ర ఎందుకని విసుక్కున్నాను. చిన్నపిల్లలు భయపడాలో లేదో తల్లి ముఖం చూసి తేల్చుకుంటారని, అందుకే ఇద్దరికీ కలిపి వైద్యం చేయాలని ఆమె ఓపికగా చెప్పింది. మా ఇంట్లో తుపాను అనే మాటే ఎవరూ ఎత్తేవారు కాదు. మచ్చ కనబడకుండా నేను నిండు చేతుల జాకెట్టే వేసుకునేదాన్ని. వాడి కోసమే అనుకున్నాను.

ఆమె వాణ్ని ఒక్క ప్రశ్న కూడా వేయకుండా చాప మీద కూర్చుని, చెక్క ఇల్లు, బొమ్మలు ముందు పెట్టేది. వాడు ప్రతిసారీ ఊది ఊది ఇల్లు కూలగొట్టేవాడు. ఈ ఆటకా ఇంత దూరం వచ్చామని మావారు ఫోనులో కోప్పడ్డారు. నాలుగో వారం వాడు అమ్మ బొమ్మను పడుకోబెట్టి, బాబు బొమ్మను గోడవైపు తిప్పి నిలబెట్టాడు. "ఈ బాబు తన వల్లే అమ్మకు దెబ్బ తగిలిందనుకుంటున్నాడేమో" అని ఆమె మెల్లగా అంది. వాడు తలాడించాడు.

అప్పుడు గుర్తుకొచ్చింది. నన్ను పలకరించడానికి వచ్చిన చిన్నత్తగారు వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నువ్వు కిటికీ దగ్గరికి వెళ్లకపోతే అమ్మకు ఇంత జరిగేదా నాన్నా" అన్నారు. ముద్దుగానే అన్నారు. ఆ మాటను మూడు నెలలు మోసింది నాలుగేళ్ల ప్రాణం. నేను జాకెట్టు చేయి పైకి మడిచి, "అద్దం పగలగొట్టింది గాలి నాన్నా, నువ్వు కాదు" అన్నాను. వాడు వేలితో ఆ మచ్చ మొదటి నుంచి చివరిదాకా నిమిరి చూశాడు.

ఆ తర్వాత కూడా తేలికగా జరగలేదు. వేసవి ఉరుములకు మళ్లీ వెనక్కి వెళ్లాడు. మాటలు పూర్తిగా రావడానికి జూన్ దాటింది. అప్పన్న మొక్కు తీర్చుకున్నాను. ఆ అమ్మాయిని మా దగ్గరికి చేర్చింది ఆయనేనని నా నమ్మకం. బిడ్డ ఇలా మారిపోతే ఎదిగితే పోతుందని కూర్చోకండి. ఇప్పుడు మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే అడగవచ్చు. మాకు ఆనాడు అది లేదు. దెబ్బ తగిలిన ఇంటికి పలకరింపుకు వెళ్లినవారు పిల్లల ఎదుట కారణాలు వెతకవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

విజయవాడ వరదల వారంలో ఆ అమ్మాయికి ఫోను చేసి, అబ్బాయి తొమ్మిదో తరగతికి వచ్చాడని చెప్పాను. ఎంతో సంతోషించి, "మరి మీరు నిద్రపోతున్నారా అమ్మా?" అని అడిగింది. గాలి లేచిన రాత్రులు తప్ప పోతున్నానని చెప్పాను.