రుక్మిణి టెన్షన్ మనకు వినిపిస్తోందా?

మాఘమాసంలో మా చెల్లెలి కూతురికి తాంబూలాలు పుచ్చుకున్నారు. ఆనాటినుంచి పిల్ల ముభావంగానే ఉంది. మనసు కుదుటపడుతుందని పోతన భాగవతంలోని రుక్మిణీ కల్యాణం పారాయణ పెట్టించారు. ఫోన్‌లో పద్యాలు మోగుతుంటాయి, వంటింట్లో పోపు చిటపటలాడుతుంటుంది. వినేవాళ్లు ఎవరూ లేరు.

ఒక సాయంత్రం నన్ను అడిగింది. "పెద్దమ్మా, అన్న కుదిర్చిన సంబంధం వద్దన్న అమ్మాయి కథే కదా ఇది. నన్ను ఒప్పించడానికి ఇదెందుకు చదివిస్తున్నారు?"

ఏళ్ల తరబడి చదువుతున్న పుస్తకం. నాకు నోట మాట రాలేదు.

ఆ రాత్రి మళ్లీ తీశాను. "ఘనుడా భూసురుడేగెనో నడుమ మార్గశ్రాంతుడై చిక్కెనో" పద్యం దగ్గర ఆగిపోయాను. కృష్ణుడికి రుక్మిణి కబురు తీసుకెళ్లిన బ్రాహ్మణుడు చేరాడో లేదో, కృష్ణుడు తప్పుగా అనుకున్నాడో, అమ్మవారు కాపాడుతుందో లేదో... ఒక 'నో' తర్వాత ఇంకో 'నో'. చివరికి "నా భాగ్యమెట్లున్నదో". సాక్షాత్తూ పరమాత్మనే కోరుకున్న పిల్లకే ఇంత గుబులు! రెండుసార్లు చూసిన అబ్బాయి గురించి మన పిల్ల సందేహపడితే పొగరు అంటామా?

నాకు ఇంకా ఇష్టమైనది ఒకటుంది. అంతఃపురంలోంచి తీసుకెళ్లాలంటే బంధువులను చంపాల్సి వస్తుందేమో అని కృష్ణుడు అనుకుంటాడని రుక్మిణి ముందే ఊహించింది. పెళ్లికి ముందు గౌరీపూజకు ఊరి వెలుపలికి వస్తాను, అక్కడికి రమ్మని ఉపాయం చెప్పి పంపింది. సంబంధం వద్దంది కానీ అయినవాళ్ల రక్తం కోరలేదు. తర్వాత, అడ్డుపడిన అన్న రుక్మి మీద కృష్ణుడు కత్తి ఎత్తితే కాళ్ల మీద పడింది. "మా అన్న యీతడు నేడు చేసె మహాపరాధము" అని తప్పు ఒప్పుకుంటూనే ప్రాణభిక్ష అడిగింది. 'మా అన్న' అనే ఆ మాట దగ్గర నాకు ప్రతిసారీ గొంతు పూడుకుపోతుంది.

అమ్మలారా, వద్దన్నంత మాత్రాన పిల్ల మిమ్మల్ని తెంచుకుని పోతున్నట్టు కాదు. పుస్తకం చేతికిచ్చే ముందు ఒక్కసారి పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ముహూర్తం, హాలు అడ్వాన్సు తర్వాత చూసుకోవచ్చు.

మొన్న గురువారం దాన్ని విశాఖలోని బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి తీసుకెళ్లాను. అక్కడ అమ్మవారికి పైకప్పు లేదు, ఎవరి చేతులతో వాళ్లే పూజ చేసుకోవచ్చు. పిల్ల పసుపు రాసి, కుంకుమ పెట్టి, చాలాసేపు అలాగే నిలబడింది. బయటికి వచ్చాక పసుపు చేతులతోనే ఫోన్ తీసి వాళ్లమ్మకు చేసింది.

"అమ్మా, నీతో మాట్లాడాలి. నాన్ననీ ఉండమను."